ధైర్యం కావాలి: సినిమా చూడాలా, ఆత్మకథ చదవాలా, నవలా, వ్యక్తిత్వ వికాసమా?

మా అక్క కొడుకు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఇది మూడో ఏడు. సంక్రాంతికి ముందు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "పిన్నీ, పుస్తకం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. కాస్త ధైర్యం వచ్చేది ఏదైనా చెప్పు. సినిమా అయినా సరే, పుస్తకమైనా సరే" అన్నాడు.

నేను తెలుగు టీచర్ని. పుస్తకం అడిగితే పది పేర్లు చెప్పగలను. ఆ రాత్రి మాత్రం నోట మాట రాలేదు. అంతకుముందు రెండుసార్లు వాడు ఇలాగే అడిగాడు. మొదటిసారి ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం పంపాను. రెండోసారి ఒక క్రీడాకారుడి జీవితం మీద తీసిన సినిమా చూడమన్నాను. రెండూ అయ్యాక వాడన్న మాట ఒక్కటే: "అందరూ చేశారు పిన్నీ, నా వల్లే కావట్లేదు."

ధైర్యం కోసం ఇచ్చింది ఆ పిల్లాడి మీద ఇంకో బరువు పెట్టింది. తప్పు పుస్తకానిది కాదు, సినిమాదీ కాదు. వాడికి ఏది తక్కువైందో కనుక్కోకుండా నేను చేతికందింది ఇచ్చాను. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర ఇచ్చినట్టు. అప్పటినుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. నా క్లాసులో పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఇదే అడుగుతుంటారు. అందుకే నాలుగైదు దారుల్నీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది సరిపోతుందో రాస్తున్నాను.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఇప్పుడు మనలో లోటు ఏది? ఊపు తగ్గిందా? చేయాలని ఉన్నా ఎలా చేయాలో తెలియడం లేదా? ఎవరూ తోడు లేరనిపిస్తోందా? లేక "నాకే ఎందుకిలా?" అన్న ప్రశ్న తొలుస్తోందా? ఈ నాలుగూ పైకి ఒకేలా కనిపిస్తాయి. నాలుగింటిలోనూ మనిషి మంచం మీద పడుకుని ఫోన్ చూస్తుంటాడు. కానీ మందు వేరు.

రెండోది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది: ఆ కథలో ఎవరెవరు కనిపిస్తున్నారు? మన దేశంలో ఒక మనిషి పైకి రావడం ఒక్కడి చేతుల్లో ఉండదు. పుట్టిన కులం, ఊళ్లో బడి ఉందా లేదా, ఫీజు కట్టిన చేతులు, ఇంట్లో ఆడవాళ్లు వదులుకున్నవి, ఒక మేష్టారు చూపిన దయ, ఇవన్నీ ఉంటాయి. కొన్ని కథలు వీటిని చూపిస్తాయి. కొన్ని చెరిపేసి, గెలిచినవాడి కష్టాన్ని మాత్రమే మిగులుస్తాయి. ఈ రెండో రకం కథ బాగున్న రోజున ఉత్సాహాన్నిస్తుంది. ఓడిపోయిన రోజున మాత్రం తప్పంతా మన మెడకు చుడుతుంది. మా వాడికి జరిగింది అదే.

మూడోది, నిజాన్ని ఎంత మార్చారు? మార్చడం నేరమేమీ కాదు, కళకు ఆ హక్కుంది. కాకపోతే ఒకరి జీవితాన్ని చూసి మన జీవితాన్ని కొలుచుకుంటున్నప్పుడు ఆ కొలబద్ద అసలుదో కాదో తెలియాలి.

నాలుగోది టైమ్, ఓపిక. మనసు బాగా కుంగినవాళ్లు 400 పేజీలు చదవలేరు. ఇది వాళ్ల బద్ధకం కాదు.

ఐదోది, వారం తర్వాత ఏం మిగిలింది? ఒక అలవాటా, ఒక మనిషి జ్ఞాపకమా, ఒక ప్రశ్నా, లేక ఏమీ లేదా?

## సినిమా

ఊపు ఇవ్వడంలో సినిమాకి సాటి ఇంకోటి లేదు. రెండున్నర గంటల్లో నవ్విస్తుంది, ఏడిపిస్తుంది, లేచి నిలబడేలా చేస్తుంది. చదవడం రానివాళ్లనూ తనతో తీసుకెళ్తుంది. మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పు కాదన్న మాట ఆమెకు ఏ ఉపన్యాసం వల్లా అర్థం కాలేదు, 'స్వాతిముత్యం' చూశాకే అర్థమైంది. ఒక్కసారి ఆ లెక్క చూడండి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. ఆ సినిమా వచ్చింది 1986లో. నూరేళ్లు దాటినా ఆ తాళి కట్టే సన్నివేశం హాల్లో జనాన్ని అంత కదిలించిందంటే, సంఘం ఎంత నెమ్మదిగా నడుస్తుందో తెలుస్తుంది. చట్టాలూ వ్యాసాలూ చేరని ఇళ్లకు సినిమా చేరింది. నేను సినిమాని ఎప్పుడూ తక్కువ చేయను.

చిక్కు ఎక్కడంటే, ఊపు కోసం సినిమా నిజాన్ని బిగిస్తుంది. 'దంగల్' (2016) చివర్లో తండ్రిని గదిలో బంధిస్తారు, కూతురు ఒంటరిగా ఆఖరి క్షణాల్లో గెలుస్తుంది. అసలు జరిగింది వేరు. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో గీతా ఫోగట్ కుస్తీ ఫైనల్ అంత ఉత్కంఠగా సాగలేదు, ఆమె సునాయాసంగా గెలిచింది. తండ్రిని బంధించడం కల్పన. నాకు అసలు కథే ఎక్కువ ధైర్యమిస్తుంది. ఏళ్ల తరబడి మట్టిలో చేసిన సాధన వల్ల ఆఖరి రోజు తేలికైంది. పరీక్ష రాసేవాళ్లకు కావలసింది ఈ సంగతి. సినిమా మాత్రం ఆఖరి నిమిషపు అద్భుతాన్ని నమ్మమంటుంది.

'జై భీమ్' (2021) ఇంకో రకం. 1993లో తమిళనాడు కడలూరు జిల్లాలో పోలీసు కస్టడీలో జరిగిన ఘోరం, అప్పుడు లాయరుగా ఉన్న చంద్రు నడిపిన కేసు దానికి ఆధారం. తర్వాత ఆయన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. సినిమాలో బాధితులు ఇరుళ తెగవాళ్లు, అసలు ఘటనలో కురవ వర్గంవాళ్లు. మార్పు ఉంది. అయినా ఈ సినిమా మన రెండో కొలతకు నిలబడుతుంది. న్యాయం ఒక హీరో వల్ల ఒక్కరోజులో రాలేదనీ, భర్తను పోగొట్టుకున్న, చదువు లేని ఒక భార్య పట్టు వదలకపోవడం దాని వెనక ఉందనీ చూపిస్తుంది.

చరిత్ర పురుషుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ స్నేహితులైనట్టు చూపిన 'ఆర్ఆర్ఆర్' (2022) చూసి మా ఎనిమిదో తరగతి పిల్లలు పరీక్షలో అదే రాశారు. రంప తిరుగుబాటు 1922లో మొదలైంది, అల్లూరిని 1924 మే 7న కాల్చి చంపారు. భీమ్ జోడేఘాట్ పోరు 1940లో ముగిసింది. జల్, జంగల్, జమీన్ (నీరు, అడవి, భూమి) అన్న మాట వెనక ఉన్న గోండుల భూమి బాధ ఆ సినిమా పని కాదు, దాని గురించి వేరేగా చదువుకోవాలి. నేను పిల్లలకు మార్కులు తీసేయలేదు. తేదీలు బోర్డు మీద రాసి, "సినిమాలో మీకు ఏం నచ్చింది?" అని అడిగి అక్కడినుంచి అసలు కథ చెప్పాను. సినిమా వల్ల వాళ్లు వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ మేలు చిన్నది కాదు.

సినిమా ఎంచుకుంటే ఒక్కరే చూడొద్దు, ఇదే నా సలహా. సంక్రాంతికి మా వాడు ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం కలిసి 'ట్వెల్త్ ఫెయిల్' (2023) చూశాం. మనోజ్ కుమార్ శర్మ అనే ఐపీఎస్ అధికారి జీవితం దానికి ఆధారం. అందులో గౌరీ భయ్యా అని ఒక పాత్ర ఉంది. తన ఆఖరి ప్రయత్నం పోయాక టీ కొట్టు పెట్టుకుని వెనక వచ్చేవాళ్లకు అండగా నిలబడతాడు. అక్కడ ఆపి, "ఇతను ఓడిపోయినట్టా?" అని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఏటా దాదాపు 10 లక్షల మంది సివిల్స్‌కి దరఖాస్తు చేస్తే ఎంపికయ్యేది 1,000 మంది చుట్టూ. మిగిలినవాళ్ల కథ చెప్పే సినిమాలు తక్కువ. ఆ పాత్ర ఒక్కటి మిగిలినవాళ్లందరి తరఫున నిలబడింది.

## ఆత్మకథ

మా వాడు ఉన్న స్థితిలో ఉన్నవాళ్లకి నేనిప్పుడు మొదట ఇచ్చేది ఇదే. కారణం చెబుతాను.

మంచి ఆత్మకథలో మనిషి ఒంటరిగా గెలవడు. కలాం ఆత్మకథ (తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ') చదివినవాళ్లు ఎక్కువగా రాకెట్ల గురించి చెబుతారు. నాకు గుర్తుండేవి వేరు. మద్రాసులో ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు ఫీజుకి డబ్బుల్లేక అక్క జొహరా తన బంగారు గాజులూ గొలుసూ తాకట్టు పెట్టింది. రామేశ్వరం బడిలో, పూజారి కొడుకు పక్కన ముస్లిం పిల్లాడు కూర్చోకూడదని కొత్త మేష్టారు అతన్ని వెనక బెంచీకి పంపితే, ఆ పూజారే వచ్చి మేష్టారిని మందలించాడు. వైమానిక దళంలో పైలట్‌గా ఎంపికకు ఉన్న ఖాళీలు 8, కలాంకి వచ్చిన స్థానం 9. ఒక్క మెట్టు. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి ప్రయోగం సముద్రంలో పడిపోయింది, 1980 జూలై 18న రెండోది విజయవంతమైంది. విఫలమైన రోజున విలేఖరుల ముందు నిలబడింది ఆయన పైఅధికారి సతీష్ ధావన్. గెలిచిన రోజున మాట్లాడమని కలాంని ముందుకు పంపాడు.

అక్క గాజులు, పూజారి మాట, పైఅధికారి భుజం. వీటిని దాచి "కలలు కనండి" అన్న ఒక్క మాటనే పోస్టర్ మీద వేస్తే పిల్లలకి అన్యాయం చేసినట్టే. పుస్తకం వాటిని దాచలేదు. దాచింది మనం.

ఆడపిల్లలకి, జీవితం మధ్యలో విరిగిపోయిందనుకునేవాళ్లకి కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' ఇస్తాను. చిన్నతనంలోనే వితంతువైంది, మళ్లీ పెళ్లయింది, కమ్యూనిస్టు ఉద్యమంలో తిరిగింది, అజ్ఞాతంలో బతికింది. భర్త వదిలేశాక హైదరాబాద్ వచ్చి చదువుకుంది. తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేసింది. ఎదిగిన కొడుకునీ కూతురినీ పోగొట్టుకుంది. పుస్తకం 2012లో వచ్చేనాటికి ఆమెకు 90 ఏళ్లు దాటాయి. నిండు నూరేళ్లు బతికింది, 1918 నుంచి 2018 దాకా. అందులో ఎక్కడా గెలుపు కేకలు ఉండవు. ఒక రోజు తర్వాత ఇంకో రోజు ఎలా గడిచిందో ఉంటుంది. చదువుతుంటే మన కష్టం చిన్నదైపోదు, దానికి ఒక తోడు దొరుకుతుంది. ఎవరి కష్టాన్నో చూపించి మన కష్టాన్ని చిన్నబుచ్చే పుస్తకం నాకు నచ్చదు. ఇది ఆ పని చేయదు.

ఇక "నాకే ఎందుకిలా?" అన్న ప్రశ్న ఉన్నవాళ్లకి వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య'. తెలంగాణలో ఒక మాదిగ కుటుంబం మూడు తరాల్లో రైలు పట్టాల వెంట నడుస్తూ చదువు దాకా చేరిన కథ. చెప్పులు కుట్టిచ్చినందుకు మెచ్చి నిజాం 50 ఎకరాలు ఇస్తే, ఊరి దొర 2 ఎకరాలు మాత్రమే ఉండనిచ్చిన ఘట్టం ఉంది అందులో. కష్టపడితే ఫలితం వస్తుందన్న మాట ఆ పేజీ దగ్గర ఆగి ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఫలితం వచ్చింది, ఎవరో లాక్కున్నారు. ఆ కుటుంబం మళ్లీ నడిచింది. దళిత కుటుంబాల నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలకు ఇది తమ ఇంటి కథ. మిగతావాళ్లకు తాము నిలబడ్డ నేల ఎవరిదో చూపే కథ. రెండు రకాలవాళ్లూ చదవాలని నా కోరిక.

ఆత్మకథకూ లోపాలున్నాయి. రాసేవాళ్లు తమను తాము కాపాడుకుంటారు. గెలిచాక వెనక్కి చూస్తే ప్రతి మలుపూ ముందే రాసిపెట్టినట్టు కనిపిస్తుంది. పైగా వేరొకరితో రాయించుకున్న సెలబ్రిటీ జీవిత కథలు ఇప్పుడు లెక్కలేనన్ని. పుస్తకంలో రచయిత ఒక్క తప్పైనా ఒప్పుకున్నాడా అని చూడండి. 50 పేజీలు తిప్పినా తప్పు ఒప్పుకోకపోతే పక్కన పెట్టేయండి. గాంధీ ఆత్మకథ ఇన్నేళ్లు నిలబడటానికి నాకు కనిపించే కారణం ఇదే. తండ్రి చనిపోయిన రాత్రి తను ఆయన పక్కన లేకపోవడం దాకా ఆయన దాచుకోలేదు. 1925 నుంచి వారం వారం పత్రికలో రాసింది కాబట్టి అధ్యాయాలు చిన్నవి, రోజుకి రెండు చదువుకోవచ్చు.

## నవల, నాటకం, కథ

ఊపు కావాలంటే నవల జోలికి వెళ్లొద్దు. నవల నెమ్మది. మిగతావాటికి చేతకాని ఒక పని మాత్రం దానికి వచ్చు: మనకు నచ్చని మనిషి లోపలికి మనల్ని తీసుకెళ్తుంది. అత్తగారితో పడని కోడలికి, కొడుకుతో మాటలు లేని తండ్రికి, ఆఫీసులో పక్క సీటు మనిషిని చూస్తే ఒళ్లు మండేవాళ్లకి నేను నవలే ఇస్తాను.

సంఘం గురించి కూడా నవల, నాటకం చెప్పినంత లోతుగా ఇంకేదీ చెప్పదు. గురజాడ 'కన్యాశుల్కం' మొదటి ముద్రణ (1897) ముందుమాట చూడండి. విశాఖ ప్రాంతంలో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్కపు పెళ్లిళ్లు 1,034 అని అంకెతో సహా రాశాడు. ఆ అంకె చదివితే మనసు బరువెక్కుతుంది. ఆ తర్వాత నాటకంలోకి వెళ్తే అగ్నిహోత్రావధాన్లు కూతుర్ని అమ్మే తండ్రే, కానీ రాక్షసుడు కాడు. మన చుట్టాల్లో ఒకడిలా ఉంటాడు. చెడు మామూలు మనుషుల చేతుల మీదుగా, మామూలు మాటలతో ఎలా జరిగిపోతుందో అప్పుడు తెలుస్తుంది. ఈ రోజు కట్నం మాట్లాడుకునే పెళ్లిచూపుల గదిలో కూర్చున్నప్పుడు నాకు ఆ నాటకమే గుర్తొస్తుంది.

నవలా సినిమా రెండూ ఉన్నచోట ఏది ముందు? నా సమాధానం: నవలే ముందు. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. సినిమా హాయిగా సాగుతుంది, పాటలు బాగుంటాయి. కానీ నవలలో ఇందిర ఉంది చూడండి, ఎవరి జాలీ కోరకుండా తన బతుకు తాను లెక్కవేసుకునే అమ్మాయి, ఆ ఇందిర తెర మీద నాకు కనిపించలేదు. సినిమా ముందు చూస్తే ఆ ముఖాలు మనసులో పాతుకుపోయి, పుస్తకంలో ఇందిరను చూడనివ్వవు.

చెప్పాల్సిన హెచ్చరిక ఒకటుంది. మన గొప్ప నవలల్లో కొన్ని చాలా చీకటిగా ఉంటాయి. నిద్ర పట్టనివాళ్లకి, బతుకు మీద ఆశ పోయిందనేవాళ్లకి అవి ఇవ్వకండి. అలాంటివాళ్లకి ముందు కావలసింది పుస్తకమే కాదు, పక్కన కూర్చునే మనిషి, అవసరమైతే డాక్టరు. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

## వ్యక్తిత్వ వికాస పుస్తకం

పుస్తకాల షాపులో ముందు వరుస వీటిదే. చాలామంది సాహిత్యాభిమానులు వీటిని చూసి ముఖం తిప్పుకుంటారు. నాకు ఆ పట్టింపు లేదు. "ఎలా" అన్న ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పేది ఇవే. పొద్దున లేవడం, చదివింది గుర్తుపెట్టుకోవడం, పదిమందిలో మాట్లాడటం, ఖర్చు రాసుకోవడం, ఇలాంటి చిన్న పనులకి మంచి పుస్తకం నిజంగా పనికొస్తుంది. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకి, వాళ్ల వంశంలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకి, ఇది ఒక పెద్దన్నయ్యలా దారి చూపిస్తుంది. వాళ్ల చేతిలోంచి ఆ పుస్తకాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదు.

నా అభ్యంతరం వేరు. వీటిలో చాలా వాటికి మనిషి చుట్టూ ఏమీ ఉండదు. అద్దె ఉండదు, అప్పు ఉండదు, పొలం పనికి పొమ్మనే నాన్న ఉండడు, తొమ్మిదికల్లా వంట, టిఫిన్ బాక్సులు ముగించాల్సిన అమ్మ ఉండదు. "రోజూ ఐదింటికి లేచి గంటసేపు నీ కోసం నువ్వు కేటాయించుకో" అన్న సలహా నాలుగింటికే లేచి పాలు పితికే మనిషికి ఎలా వినిపిస్తుంది? వేరే దేశాల నుంచి అనువాదమై వచ్చినవాటిలో ఈ ఇబ్బంది ఎక్కువ. తెలుగులోనే రాసినవాటిలో కాస్త నయం, ఉదాహరణలు మన ఇళ్లలోవి ఉంటాయి.

కొనేముందు మధ్యలో ఒక అధ్యాయం నిలబడి చదవండి. రేపు చేయగలిగే పని ఒక్కటైనా చెప్పిందా? ఈ పద్ధతి ఎవరికి పనిచేయదో రాసిందా? ఈ రెండో ప్రశ్నకి జవాబున్న పుస్తకం దొరికితే వదలకండి, అది నిజాయితీ ఉన్న పుస్తకం. ఒకటి కొని మూడు నెలలు పాటించాకే రెండోది కొనండి. ఐదు కొని వరసగా చదివితే చదివిన తృప్తే పనిచేసిన తృప్తిలా అనిపిస్తుంది, రోజులు మాత్రం అలాగే ఉంటాయి.

## కవిత్వం

దీని గురించి ఎక్కువ రాయను. పది నిమిషాలే టైమ్ ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. గుర్రం జాషువా 'గబ్బిలం' (1941) పద్యాలు పైకి చదవండి. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, ఎందుకంటే ఆ గబ్బిలానికి గుడిలోకి అడ్డులేదు. అవమానం పడ్డ రోజున ఆ పద్యాలు నన్ను నిలబెట్టాయి.

## ఒక్క చూపులో

| | ఏమిస్తుంది | ఏం దాచే ప్రమాదం | పట్టే సమయం | ఎప్పుడు వద్దు |
|---|---|---|---|---|
| సినిమా | వెంటనే ఊపు, నలుగురితో పంచుకునే మాట | సాధన చేసిన ఏళ్లు, నిజం | రెండు మూడు గంటలు | ఇప్పుడే ఓడి వచ్చినప్పుడు, ఒంటరిగా |
| ఆత్మకథ | తోడు, నిజమైన కొలత | రాసినవాళ్ల తప్పులు | రెండు మూడు వారాలు | వెంటనే పద్ధతి కావాలన్నప్పుడు |
| నవల, నాటకం | ఎదుటి మనిషి, సంఘం లోపలి తీరు | దారి చూపదు | వారం నుంచి నెల | మనసు బాగా చీకటిగా ఉన్నప్పుడు |
| వ్యక్తిత్వ వికాసం | రేపు చేయాల్సిన పని | డబ్బు, కులం, ఇంటి పరిస్థితి | చదవడానికి రెండు రోజులు, పాటించడానికి మూడు నెలలు | నిన్ను నువ్వే తిట్టుకుంటున్నప్పుడు |
| కవిత్వం | ఒక మాట, ఒక ఊపిరి | కథ, వివరం | పది నిమిషాలు | వద్దనే రోజు లేదు |

## ఎవరికి ఏది

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకి: చదువు మొదలుపెట్టిన కొత్తలో వ్యక్తిత్వ వికాస పుస్తకం ఒకటి, టైమ్ టేబుల్ కోసం. ఫలితాలు వచ్చి పేరు లేని రోజున అది తెరవొద్దు. విజేతల ఇంటర్వ్యూలు కూడా ఆ వారం చూడొద్దు. ఆ రోజుల్లో ఆత్మకథ, రోజుకి పది పేజీలు, పడుకునే ముందు. సినిమా అయితే స్నేహితుడితో కలిసి.

ఇంటిపనితో తీరిక లేని ఆడవాళ్లకి: "నాకు చదివే టైమ్ ఎక్కడిది?" అని మా అక్క ఎప్పుడూ అంటుంది. నిజమే, ఆ టైమ్ ఆమె దగ్గర లేదు, ఇంట్లో మిగతావాళ్ల దగ్గరుంది. ముందు ఆ అరగంట ఆమెకు దొరకాలి. అప్పటిదాకా కథల సంపుటాలు మంచివి, ఒక కథ ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. ఆడియో పుస్తకాలు వంట చేస్తూ వినొచ్చు. మా అక్క 'నిర్జన వారధి' చదవడానికి రెండు నెలలు తీసుకుంది. అయ్యాక నాతో అన్నది, "నేను కూడా డిగ్రీ కట్టనా?" అని. ఆమెకి 48 ఏళ్లు. దూరవిద్యలో అప్లికేషన్ పెట్టింది.

ఉద్యోగంలో విసిగిపోయినవాళ్లకి నా మొదటి మాట నవల. వాళ్లకి ఊపు తక్కువై కాదు విసుగు, మనుషులతో వస్తుంది. పై మనిషి ఎందుకలా ఉన్నాడో నవల చదివే అలవాటు ఉన్నవాళ్లు కాస్త తొందరగా అర్థం చేసుకుంటారు.

పిల్లలకు కొనే అమ్మానాన్నలకు: మీరు చదవని పుస్తకం పిల్లాడికి ఇవ్వకండి. "ఆ పుస్తకం చదివి బాగుపడు" అని ఇచ్చిన పుస్తకాన్ని ఏ పిల్లాడూ ప్రేమించడు. పన్నెండు పదమూడేళ్ల పిల్లలకి ఏ మహనీయుడి కథ ఇచ్చినా, ఆయన చిన్నప్పటి అధ్యాయాలు మీరు పైకి చదివి వినిపించి ఆపేయండి. మిగతాది వాళ్లే అడుగుతారు.

పెద్దవాళ్లకి, ఒంటరిగా ఉండే అమ్మలకీ నాన్నలకీ, వాళ్ల యవ్వనంలో చూసిన సినిమా మళ్లీ చూపించండి. పక్కన కూర్చుని, "అప్పుడు ఎవరితో వెళ్లావు? టికెట్ ఎంత?" అని అడగండి. సినిమా అయిపోయినా ఆ మాటలు ఆగవు. వాళ్ల ఆత్మకథ అలా బయటికొస్తుంది, అది ఏ షాపులోనూ దొరకదు.

## ఎక్కడ దొరుకుతాయి

అన్నీ కొనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవచ్చు. విజయవాడలో లెనిన్ సెంటర్ ఉంది, జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది. జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్లకి కేంద్ర గ్రంథాలయం ఉంటుంది, చిన్న డిపాజిట్ కడితే పుస్తకం ఇంటికిస్తారు.

మా వాడు రోజూ చదువుకునేది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే. పొద్దున్నే వెళ్లి కుర్చీ పట్టుకుంటాడు. తన నోట్సు తను తీసుకెళ్లి చదువుకుంటాడు, రాత్రికి వచ్చేస్తాడు. అక్కడ తెలుగు పుస్తకాల అల్మరాలు ఉన్నాయి కదరా, ఎప్పుడైనా చూశావా అని మొన్న అడిగాను. మూడేళ్లలో ఒక్కసారి కూడా అటు వెళ్లలేదన్నాడు. వచ్చే ఆదివారం నేను హైదరాబాద్ వెళ్తున్నాను. ఇద్దరం కలిసి ఆ అల్మరాల దగ్గర ఒక గంట గడపాలనుకున్నాం. ఏం తీసుకోవాలో ఈసారి నేను చెప్పను, వాడినే ఎంచుకోమన్నాను.